ళకారం కోసం నాలుక కోయించుకోవాలా?

పాడేటప్పుడు మూడో కాలంలో, అంటే బాగా వేగంగా పాడేచోట, ర, ళ నలిగిపోతున్నాయనీ, దవడ బిగుస్తోందనీ, డాక్టరుగారు నాలుక కింది తీగ (నాలుకని నోటి అడుగుకి కలిపే సన్నటి పొర) కత్తిరిద్దామన్నారనీ రాశారు కదండీ. తొందరపడకండి, ముందు ఇంట్లోనే ఒకటి చూసుకోండి.

అద్దం ముందు నోరు పూర్తిగా తెరిచి పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య దూరం స్కేలుతో కొలవండి. తర్వాత నాలుక కొనను పై ముందు పళ్ల వెనక చిగురుకి ఆనించి, తియ్యకుండా మళ్లీ తెరవండి. మొదటి కొలతలో సగం కూడా రాకపోతే తీగ నిజంగానే పట్టేస్తోందని అనుమానించాలి. సులువుగా సగం దాటితే తప్పు తీగది కాకపోవచ్చు, అలవాటుది కావచ్చు.

నాలుక కండరాలు కొన్ని గొంతు పైభాగంలో ఉండే హయాయిడ్ ఎముకకి అతుక్కుని ఉంటాయి. స్వరపేటిక వేలాడేది దానికే. అందుకే నాలుక బిగిస్తే తారస్థాయిలో గొంతు కూడా పట్టేస్తుంది.

మయోఫంక్షనల్ థెరపీ (నాలుక, నోటి కండరాలకి వ్యాయామాలు) తెలిసిన స్పీచ్ థెరపిస్టు దగ్గర కొన్ని వారాలు సాధన చెయ్యండి. గడ్డం మీద రెండు వేళ్లు పెట్టి, దవడ కదలకుండా నాలుకతోనే 'లలల' అనడం లాంటివి. సంగీతం మొదట్లో నేర్పే జంట స్వరాల సాధన కన్నా విసుగే, ఒప్పుకుంటాను!

అప్పటికీ కోత తప్పకపోతే, తర్వాత కూడా వ్యాయామాలు మానకూడదు. మానేస్తే గాయం మానుతూ మళ్లీ బిగుసుకోవచ్చు. కోస్తే పాట బాగుపడుతుందని గట్టిగా చెప్పేంత పరిశోధన మాత్రం లేదు. కచేరీ దగ్గర్లో ఉంటే అసలు పెట్టుకోకండి.