బీచ్ రోడ్డు దీపాల ముందు నిలబెట్టే ముందు

అమ్మలూ,

రాత్రిపూట మన విశాఖ బీచ్ రోడ్డు దీపాలు వెనక వచ్చేలా నీ ఫ్రెండ్‌ని తీసి నువ్వు పంపిన పదకొండు ఫోటోలూ చూశాను. ముందు ఫోన్లో చూసి, మళ్ళీ రాత్రి అన్నం తిన్నాక కంప్యూటర్‌లో పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చూశాను. వెనక లైట్లు బాగానే కరిగాయి, పసుపూ తెలుపూ బంతుల్లా గుండ్రంగా వచ్చాయి. కానీ నీ ఫ్రెండ్ ముఖం కనబడట్లేదు తల్లీ. కళ్ళున్న చోట రెండు నల్లటి మచ్చలే ఉన్నాయి. అది చూసి నువ్వు ఐఎస్ఓ (చీకట్లో వెలుగుని ఎక్కువ చేసి చూపించే సెట్టింగ్) పెంచావు, చాలక ఎడిటింగ్‌లో ఇంకా పైకి లాగావు, దాంతో బుగ్గల నిండా ఇసక చల్లినట్టు గ్రెయిన్ వచ్చేసింది. ఏడో ఫోటో మాత్రం వేరుగా ఉంది, దాని సంగతి చివర్లో చెప్తాను.

"బాబాయ్, బంతులు ఇంకా పెద్దవి రావాలంటే ఏ లెన్స్ కొనాలి" అని అడిగావు కదా. ఇప్పుడు ఏమీ కొనకు. నీ దగ్గరున్న 50 ఎంఎం 1.8 లెన్స్ చాలు, ఆ 1.8 లెన్స్ నోరు ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ నోరు పెద్దది. నీకు ఇప్పుడు కావాల్సింది ముఖం మీద వెలుగు. అది రోడ్డు మీద ఊరికే దొరుకుతుంది, వెతకడం తెలియాలంతే. ఈసారి ఆర్కే బీచ్‌కి వెళ్ళినప్పుడు కెమెరా బ్యాగులోంచి తియ్యకుండా ఒక పావుగంట నడువు. నీ అరచెయ్యి ముఖం ఎత్తులో ముందుకు చాపి, అరచేతిని చూస్తూ నెమ్మదిగా చుట్టూ తిరుగు. ఒకచోట చెయ్యి నల్లగా ఉంటుంది, ఇంకోచోట పైనుంచి వీధిదీపం పడి వేళ్ళ నీడలు గీతల్లా కనిపిస్తాయి, ఎక్కడో ఒకచోట చెయ్యంతా మెత్తగా వెలుగుతుంది. ఆ అమ్మాయిని అక్కడ నిలబెట్టాలి. స్తంభం కింద మాత్రం నిలబెట్టకు, పైనుంచి పడే వెలుగు కళ్ళు గుంటల్లా చూపిస్తుంది. నీ ఫోటోలు పదింట్లో జరిగింది ఇదే.

నాకు బీచ్‌లో అన్నిటికంటే ఇష్టమైన లైటు మురీ మిక్చర్ బండి మీద వేలాడే బల్బు. అది తల ఎత్తులో ఉంటుంది, దగ్గరగా ఉంటుంది, చుట్టూ స్టీలు డబ్బాలు ఉంటాయి కాబట్టి కొంత వెలుగు కిందనుంచి కూడా తిరిగి ముఖానికి తగులుతుంది. ఆ అమ్మాయిని బండికి మూడడుగుల దూరంలో పెట్టి, బల్బు వైపు కొంచెం తిరగమను. పూర్తిగా తిరగక్కర్లేదు, ముక్కు నీడ పెదవి చివరకి చేరేంత తిరిగితే చాలు. అప్పుడు కంట్లో చిన్న తెల్లటి చుక్క మెరుస్తుంది చూడు, ఆ చుక్క పడేదాకా షట్టర్ నొక్కకు. ముందుగా బండాయన దగ్గర ఒక పొట్లం కొను, రెండు నిమిషాలు ఇక్కడ నిలబడతాం అన్నా అని అడుగు, ఆయన బేరానికి అడ్డం పడకు. ముప్ఫై ఏళ్ళుగా అడుగుతున్నాను, కాదన్నవాళ్ళు చాలా తక్కువ.

బంతుల సైజు లెక్క ఒకటి గుర్తుపెట్టుకో, ఇది తెలిస్తే లెన్సుల గురించి టెన్షన్ పడవు. అదే లెన్స్, అదే 1.8, ఆమెకి రెండు మీటర్ల దూరంలో నిలబడి తీసేది ఒక మీటరుకి దగ్గరగా వెళ్ళి తీస్తే దూరంగా ఉన్న దీపాల బంతులు ఇంచుమించు రెట్టింపు అవుతాయి. ఫోకస్ దగ్గరికి వచ్చేకొద్దీ వెనక అంతా కరిగిపోతుంది. రెండోది, దీపాలు ఆమెకి ఎంత వెనక ఉంటే అంత మంచిది, కనీసం నలభై యాభై అడుగులు వదులు. 85 ఎంఎం 1.8 లెన్స్ కొంటే, అదే ఫ్రేమ్ కోసం నువ్వు వెనక్కి జరిగినా, బంతులు ఒకటిన్నర రెట్లు పైనే పెరుగుతాయి, నిజమే. కానీ ఆ డబ్బు పెట్టేముందు ఒక మీటరు దూరంలో తీయడం నేర్చుకో. అంత దగ్గర్లో ఫోకస్ చాలా సన్నగా ఉంటుంది, కనురెప్ప పదునుగా వచ్చి చెవి మసకవుతుంది, అందుకని ఒక్క చుక్క మీదే ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ పెట్టి నీకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ చెయ్యి. చీకట్లో కెమెరా తడబడితే ఎవరినైనా ఫోన్ టార్చ్ ఒక్క క్షణం వెయ్యమను, ఫోకస్ దొరికాక ఆపేయించి అప్పుడు తియ్యి. అంచుల్లో బంతులు గుండ్రంగా కాకుండా పిల్లి కళ్ళలా కోలగా వస్తాయి, లెన్స్ పాడైందని భయపడకు, పూర్తిగా తెరిచినప్పుడు చాలా లెన్సులకి అది మామూలే. 2.8 దాకా మూస్తే ఆ కోల తగ్గుతుంది, కానీ బంతి చిన్నదవుతుంది, కొన్ని లెన్సుల్లో దాని అంచులు పలకలుగా తేలతాయి.

నాలుగో ఫోటోలో సముద్రం మీద ఓడల దీపాల వరస సరిగ్గా ఆ అమ్మాయి మెడ మీదుగా పోయింది, చూసుకున్నావా? మన ఊళ్ళో రేవు బయట లంగరు వేసిన ఓడల దీపాలు రాత్రంతా వెలుగుతూ ఉంటాయి, అంత అందమైన వెనకతెర ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పు. అయితే సముద్రం, ఆకాశం కలిసే గీత ఎప్పుడూ నీ కెమెరా ఎత్తులోనే ఉంటుంది. కెమెరా ఆమె మెడ ఎత్తులో పట్టుకుంటే గీత మెడని కోస్తుంది, కళ్ళ ఎత్తులో పట్టుకుంటే కళ్ళని కోస్తుంది. మోకాళ్ళు వంచి కెమెరాని ఆమె ఛాతీ ఎత్తుకి దించు, దీపాల వరస భుజాల కింద రెండు పక్కలా వచ్చి తల చుట్టూ ఆకాశం ఖాళీగా ఉంటుంది. కైలాసగిరి కొండ మీద నుంచి అయితే ఊరంతా కిందే ఉంటుంది కదా, ఒడ్డు వెంట వంపు తిరిగిన దీపాలన్నీ ఆ గీత కిందే పడతాయి, అక్కడ నిలబడే తీసుకోవచ్చు.

షట్టర్ స్పీడ్ సెకనులో 50వ వంతో 100వ వంతో పెట్టు, నువ్వు పెట్టిన 160వ వంతు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు సెకనుకి వందసార్లు కొట్టుకుంటాయి, స్పీడు దానితో కలవకపోతే ఫోటో మీద అడ్డంగా నల్లచారలు వస్తాయి, తొమ్మిదో ఫోటోలో ఉన్నవి అవే. రా ఫైల్‌లో, అంటే కెమెరా చూసింది చూసినట్టు దాచే రకంలో తియ్యి, తెల్ల ఎల్ఈడీ మన చామనఛాయని నీలంగా, జబ్బు మనిషిలా చూపిస్తుంది, రా ఉంటే ఇంటికొచ్చాక రంగు సర్దుకోవచ్చు.

ఇక నువ్వు అడిగిన ప్రయోగాలు. నల్ల చార్టు మీద గుండె ఆకారం కోసి లెన్స్ ముందు పెడితే వెనక దీపాలన్నీ గుండెల్లా వస్తాయి. ఆకారం ఒకటిన్నర సెంటీమీటరు ఉంటే సరిపోతుంది, 50 ఎంఎం 1.8 నోరు ఇంచుమించు 28 మిల్లీమీటర్లు, అంతకంటే పెద్దది కోస్తే ఏ ఆకారమూ రాదు. ఒకసారి చేసి చూడు, సరదాగా ఉంటుంది, కానీ తొందరగా విసుగొస్తుంది.

నాకు నిజంగా ఇష్టమైనది కెమెరా తిప్పడం. ఆమెని బాగా చీకటిగా ఉన్న చోట నిలబెట్టు, వెనక మాత్రం దీపాలు ఉండాలి. అర సెకను షట్టర్, ఎపర్చర్ (లెన్స్ నోరు అంకె) నాలుగు దగ్గర, ఐఎస్ఓ 200, ఫ్లాష్ తక్కువ పవర్‌లో. ఫ్లాష్ మొదటే వెలిగేలా ఉంచు. అది వెలిగి ముఖం ఫోటోలో పడగానే కెమెరాని తలుపు గడియ తిప్పినట్టు అక్కడికక్కడే తిప్పు. అప్పుడు దీపాలు ఆమె చుట్టూ వంకర గీతలు గీస్తాయి. ముఖం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో ఉండాలి, పక్కకి ఉంటే ఆ గీతలు ముఖం మీదుగా పోయి బుగ్గని కోస్తాయి. మొదటి ఇరవై పాడవుతాయి, కంగారు పడకు, ఆ ఇరవై తీస్తేనే చెయ్యి కుదురుతుంది. మేం ఫిల్ములో చేసినప్పుడు రీలుకి 36 ఫోటోలే, కడిగి చూసేదాకా ఏం వచ్చిందో తెలిసేది కాదు, నీకు వెంటనే వెనక తెర మీద కనబడుతోంది, వాడుకో. దీపావళికి కాకరపువ్వొత్తి చేతికిచ్చి, కెమెరా తిప్పకుండా కూడా తియ్యొచ్చు, దాని వెలుగే ముఖానికి సరిపోతుంది. నూలు బట్టలు వేసుకోమను, నైలాన్ చున్నీ వద్దు, పక్కన బకెట్‌తో నీళ్ళు పెట్టుకో.

ఒక జాగ్రత్త నా అనుభవంలోంచి చెప్తున్నాను. ఏళ్ళ క్రితం ఒక ఎంగేజ్‌మెంట్ జంటని తీయడానికి ఏసీ కారులోంచి దిగి నేరుగా ఇసకలోకి వెళ్ళాను. లెన్స్ మీద ఆవిరి కమ్మింది. వాళ్ళు ఎదురుచూస్తున్నారు, ఆ తొందరలో జేబురుమాలుతో తుడిచాను. రెండు నిమిషాల్లో మళ్ళీ కమ్మింది, మళ్ళీ తుడిచాను. ఇంటికొచ్చి టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే అద్దం మీద సన్నటి ఉప్పు పొర, దాని కింద వెంట్రుకంత గీతలు. ఆ లెన్స్‌తో తీస్తే ఇప్పటికీ ప్రతి దీపపు బంతిలోనూ ఆ గీతలు కనబడతాయి. నాకు ఆ రోజు లెన్స్ కన్నా వాళ్ళ ఫోటోలు పోయినందుకే ఎక్కువ బాధ వేసింది, మర్నాడు పిలిచి మళ్ళీ తీశాను గానీ ఆ రోజు కట్టుకున్న చీర లేదు, ఆ నవ్వూ లేదు. నువ్వు ఇరవై నిమిషాలు బ్యాగు మూసి ఉంచి బయటి వేడికి అలవాటు చెయ్యి. ఇంటికొచ్చాక ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊది, తర్వాతే లెన్స్ గుడ్డతో తుడువు.

ఒక్కదానివే వెళ్ళకు, నలుగురు కలిసి వెళ్ళండి, ఎక్కడున్నారో ఇంట్లో చెప్పండి. ఫ్రేమ్ చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడవకు, అటు సముద్రం ఉంటుంది లేదా రోడ్డు ఉంటుంది. ఆర్కే బీచ్ అలల్లో మోకాలి లోతుకి కూడా ఎవరినీ నిలబెట్టకు, అక్కడ లాగేసే నీళ్ళు. నేవీ వాళ్ళు ఫోటోలు నిషేధం అని బోర్డు పెట్టిన వైపు కెమెరా ఎత్తకు, మన ఊళ్ళో అది చిన్న విషయం కాదు. తీసిన ఫోటో ఎక్కడైనా పెట్టేముందు ఆ అమ్మాయిని అడుగు, ఆమె వద్దన్నది ఎంత బాగున్నా వదిలెయ్యి. పది నిమిషాలకోసారి కెమెరా వెనక్కి తిప్పి ఆమెకి చూపించు, తను ఎలా వస్తోందో తెలియక బిగుసుకుపోయింది పాపం, నీ మొదటి ఆరు ఫోటోల్లో ఆ బిగుసుకోవడం భుజాల్లో కనబడుతోంది.

ఇప్పుడు ఏడో ఫోటో. ఎవరో ఏదో అన్నట్టున్నారు, పక్కకి తిరిగి నవ్వింది, కళ్ళు సగం మూసుకుంది, చెయ్యి కదిలి మసకబారింది. నువ్వు దీన్ని పాడైంది అని రాశావు. ఆ తిరగడంలో పక్క బండి వెలుగు ఎడమ బుగ్గ మీద పడింది, చెవి దుద్దు రాయి మెరిసింది, వెనక బంతుల్లో ఒకటి సరిగ్గా జడ పక్కన ఆగింది. దాన్ని డిలీట్ చెయ్యలేదు కదా? ఒరిజినల్ ఫైల్ ఏమీ ముట్టుకోకుండా పంపు, ఆదివారం మీ పిన్నితో కలిసి వస్తాను, కూర్చుని ప్రింట్ తీద్దాం.

మీ బాబాయ్