క్యూ కదలదు, పిల్లాడు ఆగడు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగు. సెలవుల్లో రావిర్యాల వండర్లాకు వెళ్దామనుకుంటున్నాం. అరగంట లైన్లో నిలబెడితే చాలు, బాబు నేలమీద పడి దొర్లుతాడు. ఫోన్ చేతికివ్వకుండా వాణ్ణి నిలబెట్టడం ఎలా? – ఓ తల్లి, కరీంనగర్

జవాబు: ఆటల సంగతి తర్వాత. ముందు ఇంట్లో ఇద్దరి ఎత్తూ కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, తలమీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గీత గీసి, టేపుతో చూడండి. వండర్లాలో టికెట్టు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి: 85 సెం.మీ. లోపు పిల్లలకు ఉచితం, 85 నుంచి 140 సెం.మీ. దాకా పిల్లల టికెట్టు. రైడ్లకూ వేరువేరు ఎత్తు నిబంధనలున్నాయి. ముప్పావుగంట నిలబడ్డాక గేటు దగ్గర కొలిచి ‘బాబు ఎక్కకూడదు’ అంటే, అప్పుడొచ్చే ఏడుపును ఏ బొమ్మా ఆపలేదు. ఎక్కగలిగే రైడ్ల పేర్లు కాగితంమీద రాసుకుని వెళ్తే సగం లైన్లు వాటంతటవే తప్పుతాయి. లైను త్వరగా దాటించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఆదివారాలు, పండగ సెలవుల్లో, అదీ పెద్ద రైడ్లు ఎక్కేవాళ్లకు పనికొస్తుంది. నాలుగేళ్లవాడి కోసమే అయితే ఆ డబ్బు దండగ.

ఇక దొర్లడం గురించి. నాలుగేళ్ల పిల్లలు లైన్లో ఏడవడానికి కారణాలు ఈ వరుసలో వెతకండి: ఆకలి, ఉక్క, ఒంటేలు, ఏమీ కనబడకపోవడం. విసుగు ఆ తర్వాతే. నాలుగోది చాలామంది గమనించరు. వాడి కళ్ల ఎత్తులో మనుషుల నడుములు, బ్యాగులు తప్ప ఏమీ లేవు. పది నిమిషాలకోసారి ఎత్తుకుని ‘అదిగో రైడు, ఇదిగో మనం’ అని చూపించండి. అరగంటకు మించిన ఏ లైన్లోకైనా దూరేముందు ఇద్దర్నీ బాత్రూముకు తీసుకెళ్లాలి. ‘రావట్లేదు’ అన్నా సరే. వండర్లాలోకి బయటి తిండి తీసుకెళ్లనివ్వరు, పసిపిల్లల ఆహారానికి మాత్రం మినహాయింపు. కాబట్టి గేటు బయటే కడుపునిండా పెట్టి, మధ్యాహ్నం భోజనాన్ని రద్దీకి అరగంట ముందుకు జరపండి. ఒంటిగంటకు తిందామనుకుంటే భోజనం కౌంటర్ దగ్గర ఇంకో క్యూ.

ఎంతసేపో తెలియకపోవడం మరో చిక్కు. వేచి ఉండటం మీద 1985లో రాసిన వ్యాసంలో మేనేజ్‌మెంట్ నిపుణుడు డేవిడ్ మైస్టర్ ఇదే చెప్పాడు: పనిలేని నిమిషం పనున్న నిమిషంకంటే పొడుగ్గా తోస్తుంది, ఎంతసేపో తెలియని నిరీక్షణ తెలిసినదానికంటే పొడుగ్గా తోస్తుంది. గడియారం చూడటం రాని పిల్లాడికి ‘ఇంకో ఇరవై నిమిషాలు’ అంటే అర్థం కాదు. దానికి బట్టతో చేసిన జుట్టు బ్యాండ్లు వాడండి. యాభై నిమిషాల లైను అనుకుంటే, ఆలస్యానికి ఒకటి కలిపి ఆరు బ్యాండ్లు ఎడమచేతికి తొడగండి. పది నిమిషాలకొకటి కుడిచేతికి మార్చే పని వాడిదే. చివరి బ్యాండ్ మారకముందే రైడు వచ్చేస్తే వాడికి పండగ. ఐదే వేసి ఆలస్యమైతే మీరు మాట తప్పినట్టు, అందుకే ఒకటి ఎక్కువ. బిగుతైన రబ్బరు బ్యాండ్లు వద్దు, చర్మంమీద అచ్చులు పడతాయి. మూడేళ్లలోపు పిల్లలైతే నోట్లో పెట్టుకుంటారు, వాళ్లకు ఈ పద్ధతే వద్దు.

పాపకు ‘మలుపుల లెక్క’ అప్పగించండి. బారికేడ్ల మధ్య లైను ఎన్నిసార్లు తిరుగుతుందో చూసి, ఇంకెన్ని మిగిలాయో తమ్ముడికి చెప్పాలి. ఏడేళ్లవాళ్లకు ఆటకంటే అధికారం మీద మోజెక్కువ.

ప్రశ్న: లైన్లో నిలబడే ఆడగలిగే మన ఆటలేమైనా ఉన్నాయా? వస్తువులేవీ అక్కర్లేనివి చెప్పండి. – ఓ పాఠకుడు, ఏలూరు

జవాబు: బోలెడు. అయితే ఏ ఆటైనా సరే, ముందువాళ్లు రెండడుగులు వేస్తే మధ్యలో ఆపి మళ్లీ అందుకునేలా ఉండాలి. లైన్లో ఆట చెడేది అక్కడే.

గుడుగుడు గుంచం నిలబడి బాగా కుదురుతుంది. పిడికిళ్ల దొంతర మీ ఛాతీ దగ్గర కాదు, చిన్నవాడి ఛాతీ ఎత్తులో మొదలవ్వాలి. ‘లైను కదిలితే దొంతర కూలినట్టే, మళ్లీ మొదలు’ అని ముందే చెప్తే కదలడం కూడా ఆటలో భాగమైపోతుంది. చెమ్మచెక్కకు ఇద్దరి మధ్య మూరెడు జాగా చాలు. కాస్త నెమ్మదిగా మొదలుపెట్టి ప్రతిసారీ వేగం పెంచాలి. వీరీవీరీ గుమ్మడిపండులో దాక్కోవడం తీసేయండి. చిన్నవాడి కళ్లు మూసి, మీ వాళ్లలో ఒకరివైపు వేలు చూపించి పేరడగడమే. ముందున్న అపరిచితులవైపు చూపించొద్దని చెప్పాలి, లేకపోతే ‘గుండు అంకుల్’ లాంటి జవాబులొస్తాయి. ఒప్పులకుప్ప మాత్రం వద్దు. బారికేడ్ల మధ్య గిరగిరా తిరిగితే పళ్లు ఇనుప కడ్డీకి తగులుతాయి.

ఆరేళ్లు దాటినవాళ్లకు మాటల గొలుసు మంచిది: కాకి, కిటికీ, కీటకం... ఇలా చివరి అక్షరంతో తర్వాతి మాట. ఇక్కడ ఒక చిక్కుంది. మన మాటలు చాలావరకు డు, ము, లు, వులతో ముగుస్తాయి, రెండు నిమిషాల్లో పిల్లలు ఇరుక్కుపోతారు. అందుకని గుణింతం పట్టించుకోకుండా హల్లు ఒక్కటే తీసుకోనివ్వండి: ‘రాముడు’ తర్వాత ‘డప్పు’ చెల్లుతుంది. ణ, ళలతో మొదలయ్యే మాటలు దొరకవు కాబట్టి అవి వస్తే ముందు అక్షరానికి వెళ్లాలి. ‘బస్సు’, ‘లైటు’ లాంటివి ఒప్పుకోండి.

పొడుపు కథలు ఒక లైనుకు నాలుగైదు చాలు. ‘చెయ్యని కుండ, పొయ్యని నీళ్లు, వెయ్యని సున్నం’ అంటే కొబ్బరికాయ అని చెప్పేయడానికి తొందరపడొద్దు. అవును, కాదు అని మాత్రమే జవాబిస్తూ పిల్లల్ని ఇరవై ప్రశ్నలు వేయనివ్వండి. ఒక్క పొడుపు కథతో ఐదారు నిమిషాలు గడిచిపోతాయి.

ప్రశ్న: బ్యాగులో ఏం పెట్టుకోవాలి? ఏం పెట్టుకోకూడదు? – ఓ అమ్మమ్మ, నెల్లూరు

జవాబు: ఇద్దరు పిల్లలకు జిప్పున్న చిన్న సంచి ఒకటి చాలు. పైప్ క్లీనర్లు, అంటే మెత్తటి నూగు చుట్టిన సన్నటి తీగలు, పది (ఉంగరాలు, కళ్లజోళ్లు, పాములు చేసుకుంటారు, కొసలు లోపలికి మడవండి), మీటరున్నర మెత్తటి తాడు ముడివేసి ఒకటి, స్టిక్కర్ షీట్లు రెండు, అరచేతిలో పట్టే నోటుబుక్కు, తాడుతో కట్టిన ఒక పెన్సిలు, తడి తుడుపు కాగితాలు, 100 మి.లీ. నీళ్ల స్ప్రే. ఎండలో మెడమీద రెండు పిచికార్లు కొడితే బొమ్మ చేయలేని పని చేస్తాయి. అన్నీ ఒకేసారి బయటకు తీయకండి. ఒక లైనుకు ఒక్క వస్తువు, అదీ లైను మూడోవంతు గడిచాక, పాత న్యూస్‌పేపర్లో చుట్టి. విప్పడమే సగం ఆట.

వద్దన్నవి: బంతి, గోళీలు, పేకముక్కలు (జారితే ఏరుకోవడానికి చోటుండదు), మూతలున్న స్కెచ్ పెన్నులు, సబ్బు బుడగలు. బుడగల నీళ్లు నున్నటి నేలమీద పడితే జారుతుంది, ముందాయన చొక్కా సంగతి సరేసరి. పార్కు తిండి తేనిస్తే మరమరాలు, అటుకుల పోపు లాంటి పొడివి. చాక్లెట్ కరుగుతుంది, ఉప్పటి చిప్స్ దాహం పెంచి మళ్లీ బాత్రూముకు లాక్కెళ్తాయి. నాలుగేళ్లలోపు వాళ్లకు పల్లీలు, పాప్‌కార్న్, గట్టి బిళ్లలు నడిచే లైన్లో అసలు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్షపళ్లయితే నిలువుగా కోసి పెట్టండి.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. జులైలో హైదరాబాద్ నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. అందరం ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కు వెళ్తున్నాం. బాబుకు మూడున్నరేళ్లు, 95 సెం.మీ. పెద్దవాళ్లను, వాణ్ణి గంటేసి లైన్లో ఎలా నిలబెట్టాలి? – ఓ తండ్రి

జవాబు: నిలబెట్టొద్దు. 95 సెం.మీ. అంటే సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు (38 అంగుళాలు, సుమారు 97 సెం.మీ.) రెండు సెంటీమీటర్లు తక్కువ, స్పేస్ మౌంటెన్‌కు (44 అంగుళాలు, 112 సెం.మీ.) చాలా తక్కువ. అలాంటి రైడ్లకు ‘రైడర్ స్విచ్’ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందరూ కలిసి రైడు ముఖద్వారం దగ్గరికి వెళ్లి సిబ్బందికి ఆ మాట చెప్పాలి. బాబును తీసుకెళ్లకుండా మీరొక్కరే వెళ్లి అడిగితే ఇవ్వకపోవచ్చు. మొదట మీరు లైన్లో నిలబడి ఎక్కి వస్తారు, అంతసేపూ మీ ఆవిడ బాబుతో బయట ఉంటారు. తర్వాత ఆమె లైట్నింగ్ లేన్ దారిలో (మామూలు లైను తప్పించే వేరే దారి) వెళ్తారు. తాతయ్య, నానమ్మలను ఏసీ ఉన్నచోట కూర్చోబెట్టండి.

బాబుతో కలిసి ఎక్కే డంబో, పీటర్ పాన్ లాంటివాటికి పొద్దున్న మొదటి గంటే మేలు. డిస్నీ హోటల్లో దిగితే మిగతావాళ్లకంటే అరగంట ముందు లోపలికి వెళ్లొచ్చు. ఆ అరగంటను ఫొటోలకు ఖర్చుపెట్టేవాళ్లే ఎక్కువ! మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు ఫ్లోరిడా వేసవిలో మామూలే. అప్పుడు ఆరుబయట రైడ్లు ఆపేస్తారు, లైన్లో ఉన్నవాళ్లు ఉన్నచోటే ఇరుక్కుంటారు. మబ్బు పట్టగానే లోపలి రైడ్లకు మారండి. విన్నీ ద పూ రైడు లైన్లో పిల్లలు చేతులు పెట్టి ఆడుకునే ఏర్పాట్లున్నాయి. అక్కడ పిల్లాణ్ణి తొందరపెట్టకండి, వెనకవాళ్లను ముందుకు పోనిచ్చినా నష్టం లేదు.

స్ట్రాలర్ (పిల్లల తోపుడు బండి) చాలా లైన్లలోకి రాదు, బయట పార్కింగ్‌లో వదలాలి. 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు మించితే పార్కులోకే రానివ్వరు. లైన్లోకి వెళ్లేముందు అందులోంచి నీళ్ల సీసా, ఆటల సంచి తీసుకోవడం మర్చిపోతే గంటసేపు చేతులు ఖాళీ. బయటి తిండి తీసుకెళ్లొచ్చు, గాజు సీసాలు మాత్రం వద్దు. మీ అమ్మగారి పులిహోర డబ్బా నిశ్చింతగా పెట్టుకోండి.

ప్రశ్న: ఫోన్ ఇస్తే తప్పేంటి? గొడవ లేకుండా ఉంటాడు కదా. – ఓ తండ్రి, విశాఖపట్నం

జవాబు: తప్పని కాదు, ఇచ్చే సమయమే ముఖ్యం. లైను మొదట్లో ఇస్తే, రైడు ఎక్కే నిమిషంలో లాక్కోవాల్సి వస్తుంది. అప్పటిదాకా ఎదురుచూసిన రైడుకు ఏడుస్తూ ఎక్కుతాడు. తల వంచుకుని ఉంటే లైను కదిలింది కూడా తెలియదు, వెనకవాళ్ల కాలు మడమకు తగులుతుంది. పైగా టికెట్లు, పార్కు యాప్ అన్నీ ఆ ఫోన్లోనే. ఇవ్వాలనుకుంటే లైను నడిమధ్యలో, అన్ని ఆటలూ అయ్యాక, పదిహేను నిమిషాల వీడియో ఒకటి ముందే డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి. అది పూర్తయితే ఆగిపోతుంది, మీరు లాక్కోనక్కర్లేదు. చిన్న ముక్కల వీడియోలకు అంతుండదు కాబట్టి అవి పనికిరావు.

ప్రశ్న: పార్కు కాదు కానీ, తిరుమల సర్వదర్శనానికి ఐదేళ్ల పాపతో వెళ్తున్నాం. అక్కడ ఫోనే ఉండదు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్‌లో ఎలా? – ఓ దంపతులు, వరంగల్

జవాబు: వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఒక సౌకర్యం పార్కుల్లో లేదు: కూర్చోవచ్చు. కాబట్టి కూర్చుని ఆడేవి పట్టుకెళ్లండి. కాళ్లు చాపుకునే చోటుంటే కాళ్లాగజ్జా ఆడించండి. ఇంటిదగ్గరే ఒక చేతిరుమాలు మీద బాల్‌పెన్నుతో మూడు బై మూడు దాడి ఆట పటం గీసుకోండి, మూడు చింతగింజలు, మూడు గుండీలు చాలు. నేలమీద సుద్దతో గీయకండి. అచ్చనగాయలు వద్దు, పక్కవాళ్ల కాళ్లకిందకు దొర్లుతాయి, పసివాళ్లు మింగే ప్రమాదమూ ఉంది. రుమాలైతే తలుపు తెరిచిన క్షణంలో నాలుగు మూలలూ పట్టి గింజలతో సహా మూట కట్టేయొచ్చు. తలుపు తీసినప్పుడు జనం ఒక్కసారిగా లేస్తారు. వస్తువులు ఏరుకోవడానికి వంగొద్దు, పాపను ముందుగా ఎత్తుకోండి.

లోపల పాలు, అన్నప్రసాదం దేవస్థానం వాళ్లే ఇస్తారు. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనానికి వెళ్తే 12 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. ఏడాదిలోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను సుపథం అనే వేరే ప్రవేశమార్గం దగ్గర్నుంచి పంపుతారు, జనన ధ్రువపత్రం, ఆధార్ తీసుకెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆటిజం. అమెరికాలో డిస్నీకి తీసుకెళ్లాలని ఉంది, లైను తల్చుకుంటే భయం. – ఓ తల్లి, న్యూజెర్సీ

జవాబు: డిస్నీ వాళ్ల డిసబిలిటీ యాక్సెస్ సర్వీస్ సరిగ్గా ఇలాంటి పిల్లలకే. ప్రయాణానికి ముందే వీడియో కాల్‌లో మాట్లాడి నమోదు చేసుకోండి. వేచి ఉండే సమయం దాదాపు అంతే ఉంటుంది, కానీ లైన్లో కాకుండా మీకు నచ్చినచోట గడిపి, చెప్పిన సమయానికి వెళ్తారు. కాల్‌లో రోగం పేరు చెప్పి ఊరుకోకండి. లైన్లో నిలబడితే ఏమవుతుందో చెప్పండి: చప్పుడుకు చెవులు మూసుకుంటాడా, వెనక మనిషి తగిలితే పరిగెడతాడా, ఎన్ని నిమిషాలు ఓర్చుకోగలడు. చెవులకు పెట్టే హెడ్‌ఫోన్లు ఇంట్లో రెండు వారాల ముందునుంచే అలవాటు చేయండి.

ప్రశ్న: లైను మధ్యలో పిల్లకు బాత్రూము వస్తే? – ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ఒక్కరే తీసుకెళ్లాలి, ఇంకొకరు చోటు వదలకూడదు. వెళ్లేముందు వెనకున్న రెండు కుటుంబాలకు ‘పాపకు బాత్రూము, ఇప్పుడే వస్తాం’ అని, గేటు దగ్గరి సిబ్బందికి ఓ మాట చెప్పండి. చెప్పకుండా వెళ్లి తోసుకుంటూ వస్తేనే గొడవలు. మీరొక్కరే పెద్దవారైతే చోటు ఆశ వదిలేసి బయటకు వచ్చేయండి, తడిసిన గౌనుతో రైడు ఎలాగూ ఎక్కలేరు.