ఇంట్లో ఉన్న కూరగాయలతో సూప్ చేస్తే చప్పగా వస్తోంది, ఎలా చేయాలి?

రెసిపీలో రాసినవన్నీ ఇంట్లో ఎప్పుడూ ఉండవు, ఉన్నవాటితో చేస్తే పల్చగా, రుచీపచీ లేకుండా వస్తోంది అన్నారు. మా ఇంట్లో రాత్రిపూట తరచూ సూపే ఉంటుంది, అది కూడా ఫ్రిజ్‌లో ఏముంటే దానితోనే. నా అనుభవంలో సూప్ రుచి చాలావరకు నీళ్లు పోయకముందే తేలిపోతుంది. కాబట్టి కూరగాయల లిస్టు గురించి టెన్షన్ పడకండి.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నూనె గానీ వెన్న గానీ వేసి, ఒక పెద్ద ఉల్లిపాయ సన్నగా తరిగి వేయండి. చిటికెడు ఉప్పు కూడా అప్పుడే వేసేయండి. ఉప్పుకి ఉల్లిపాయలో నీరు బయటికి వచ్చి, ముక్కలు మాడకుండా మగ్గుతాయి. మంట సన్నగా ఉండాలి. మొదట చిటపటలాడుతుంది, కాసేపటికి ఆ చప్పుడు తగ్గుతుంది. ముక్కలు అద్దంలా మెరుస్తూ మెత్తబడతాయి, పచ్చి ఘాటు పోయి కమ్మటి వాసన మొదలవుతుంది. ఇందుకు ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఓపిక పట్టండి, దయచేసి. చాలామంది రెండు నిమిషాలకే నీళ్లు పోసేస్తారు, సూప్ చప్పబడేది అక్కడే. వెల్లుల్లి ఉంటే చివరి నిమిషంలో వేయండి, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది.

ఇక కూరగాయలు. ఏది ఉన్నా ఫరవాలేదు గానీ, అన్నీ ఒకేసారి వేయకూడదు. క్యారెట్, బంగాళదుంప లాంటి గట్టివి ముందు వేసి, ఉల్లిపాయతో పాటు మూడు నాలుగు నిమిషాలు వేయించి, వేడి నీళ్లు పోయండి. మొత్తం కూరగాయ ముక్కలు అరకిలో ఉంటే లీటరు నీళ్లు సరిపోతాయి. పది నిమిషాలు ఉడికాక బీన్స్, క్యాబేజీ, క్యాలీఫ్లవర్ లాంటివి. పచ్చి బఠానీ, పాలకూర దించడానికి నాలుగైదు నిమిషాల ముందు చాలు, లేదంటే పచ్చదనం పోయి రంగు మాసిపోతుంది. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ మరీ ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన వచ్చి సూప్ అంతా పాడవుతుంది. బీట్‌రూట్ వేస్తే మాత్రం గిన్నెలో ఉన్నవన్నీ ఎర్రగా అయిపోతాయి, అందుకే దాన్ని విడిగా చేసుకోవడమే మంచిదని నా ఉద్దేశం. కాకర లాంటి చేదువి వద్దు.

టమాటా ఎప్పుడు వేయాలో చాలామంది పట్టించుకోరు. దానిలోని పులుపు బంగాళదుంపని, క్యారెట్‌ని త్వరగా మెత్తబడనివ్వదు. ఒక బంగాళదుంప ముక్కని గరిటె అంచుతో గిన్నె గోడకి నొక్కి చూడండి, తేలిగ్గా విరిగిందంటే అప్పుడు టమాటా వేయొచ్చు. మానేయడం మాత్రం వద్దు, సూప్‌కి గాఢమైన రుచి ఇచ్చే గ్లుటమేట్ అందులో బాగా ఉంటుంది. టమాటా లేనప్పుడు పుట్టగొడుగులు వేయించి వేస్తే ఆ లోటు చాలావరకు తీరుతుంది.

చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. ఉడికిన ముక్కల్లో మూడో వంతు తీసి మెత్తగా చేసి మళ్లీ గిన్నెలో కలిపేయండి. బంగాళదుంప ఉంటే ఇంకా బాగా చిక్కబడుతుంది. గుప్పెడు ఎర్ర కందిపప్పు ముందే వేసి ఉడికించినా అంతే, పైగా కడుపు నిండుతుంది. మిక్సీలో వేడివేడిగా వేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. జార్ సగానికి మించి నింపకండి, ఆవిరికి దారి లేకపోతే మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. కాస్త చల్లారనిచ్చి, మూతలో చిన్న బిళ్ల ఉంటే తీసి, పైన బట్ట కప్పి తిప్పండి.

ఉప్పు ఒకేసారి వేయకండి. ఉడికేటప్పుడు లీటరుకి అర టీస్పూను వేసి, మిగతాది చివర్లో రుచి చూసి కలుపుకోండి. అన్నీ వేశాక కూడా ఏదో తక్కువైందనిపిస్తే, ఇంకా ఉప్పు వేసేముందు స్టవ్ ఆపి అర చెక్క నిమ్మరసం పిండి చూడండి. నాకు చాలాసార్లు అక్కడితో సరిపోయింది. మిరియాల పొడి కూడా అప్పుడే, మరిగిస్తే ఘుమఘుమ పోతుంది.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేస్తే మూడు రోజులు బాగుంటుంది. పాస్తా, నూడుల్స్ లాంటివి వేసే ఉద్దేశం ఉంటే వాటిని విడిగా ఉడికించి, తినేటప్పుడు ఎవరి గిన్నెలో వాళ్లకి కలపండి. సూప్‌లోనే వదిలేస్తే తెల్లారేసరికి నీళ్లన్నీ పీల్చేసి ముద్దయిపోతాయి.