మోటారు రొదకు మోడల్ కట్టబోతున్న అమ్మాయికి

చిట్టితల్లికి,

నువ్వు పుణెలో ఎలక్ట్రిక్ కార్ల మోటార్ల నుంచి వచ్చి రేడియోను చెడగొట్టే విద్యుదయస్కాంత రొదకు కంప్యూటర్‌లో మోడల్ కట్టే పనిలో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది.

కారులోని రేడియో రిసీవర్లను కాపాడే అంతర్జాతీయ ప్రమాణం సిస్పర్ (CISPR) 25ను క్షుణ్ణంగా చదువు. బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే ఇన్వర్టర్ వోల్టేజి ఎంత నిటారుగా లేస్తే రొద అంత పై ఫ్రీక్వెన్సీలకు పాకుతుందని నీకు తెలిసిందే.

పాఠాల్లో మోటారంటే మూడు కాయిళ్లు. రొద దారి వేరు. చుట్టలకూ స్టేటర్ (మోటారులో తిరగని భాగం) ఇనుముకూ మధ్య ఉన్న ఇన్సులేషన్ కాగితమే కెపాసిటరవుతుంది. వోల్టేజి ఎగిరినప్పుడల్లా అక్కడి నుంచి కరెంటు బాడీలోకి దిగి, ఛాసిస్ మీదుగా ఇన్వర్టర్‌కు తిరిగొస్తుంది. ఏఎం రేడియో గరగరలాడేది అందుకే. కాబట్టి మూడు ఫేజులనూ కలిపి, వాటికీ బాడీకీ మధ్య ఇంపీడెన్సును (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డును) 150 కిలోహెర్ట్జ్ నుంచి ఎఫ్‌ఎం బ్యాండు దాకా కొలిచాకే మోడల్ మొదలుపెట్టు.

నేను పనిచేసిన చోట ఒక జట్టు కేబుల్ షీల్డు (రొదను ఆపే లోహపు అల్లిక తొడుగు) కొసను నేరుగా బాడీకి కలిపినట్టు మోడల్లో గీసింది. తెరమీద గ్రాఫు పరిమితిలోనే ఉంది. బయటి రేడియో తరంగాలు రాని పరీక్ష గదిలో, అదే ఛాంబర్‌లో, పెడితే 30 మెగాహెర్ట్జ్ దగ్గర రొద పరిమితి గీత దాటింది. ఫిల్టర్లు మార్చారు, తీగలకు రొదను అణిచే ఫెర్రైట్ కడియాలు తొడిగారు, ఒకరినొకరు తప్పుపట్టుకున్నారు. చివరికి టెక్నీషియన్ కనెక్టర్ విప్పాడు. షీల్డు అల్లికను జడలా మెలిపెట్టి, బెత్తెడు తీగగా బోల్టుకు బిగించారు! పది సెంటీమీటర్ల తీగకు సుమారు 0.1 మైక్రోహెన్రీ, 30 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 19 ఓమ్‌లు. మోడల్లో సున్నా. షీల్డును చుట్టూ పట్టుకునే క్లాంపు వేశాక గాని రొద ఆ గీత కిందికి దిగలేదు.

నువ్వు చిన్నప్పుడు పాత రేడియో మూత తీయకుండానే లోపల ఏం పాడైందో చెప్పేసేదానివి. అందరం మురిసిపోయేవాళ్లం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. కనెక్టర్ విప్పించి నీ కళ్లతో చూడు. చూడకుండా రాసిన విలువ దేన్నీ నమ్మకు.

అసలు నా భయం ఇది. కారు ఆపినా ఇన్వర్టర్ కెపాసిటర్‌లో 400 వోల్టులు నిలిచి ఉండవచ్చు. హై వోల్టేజి బ్యాటరీ సర్క్యూట్‌ను తెంపే సర్వీస్ ప్లగ్గు తీయించి, దాన్ని నీ దగ్గరే ఉంచుకో. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగు. వోల్టేజి పోయిందని మీటరుతో చూశాకే తీగ ముట్టుకో. ఆ మీటరును కూడా ముందు మంచి బ్యాటరీ మీద పరీక్షించు. ఎవరు తొందరపెట్టినా సరే, వినకు తల్లీ.

ల్యాబులో రబ్బరు తొడుగులు నీ చేతికి వదులైతే సరైన సైజు తెప్పించమని అడుగు. మొహమాటపడకు. ఇవ్వకపోతే నాకు ఫోను చెయ్యి, నేను కొని పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న