సీఎన్‌సీ శిక్షణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. వాడికి పుస్తకాల కంటే చేతిపని మీదే ఆసక్తి ఎక్కువ. మూడు నెలల సీఎన్‌సీ (కంప్యూటర్ నియంత్రణలో లోహాన్ని కోసే యంత్రాల) ప్రోగ్రామింగ్ కోర్సు చేస్తే ఉద్యోగం ఖాయమని ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం వారు చెబుతున్నారు. ఐటీఐలో రెండేళ్లు గడపడం కంటే ఇదే మేలా?
– ఒక తల్లి, జనగామ

జవాబు: పదో తరగతి కాగానే నేరుగా ఆ కోర్సులో చేర్చవద్దు. జీ 00 అంటే టూల్ వేగంగా జరగడం, జీ 01 అంటే నిర్ణీత ఫీడ్‌తో (టూల్ ముందుకు జరిగే వేగంతో) సరళరేఖలో కోయడం, ఎం 03 అంటే స్పిండిల్ (యంత్రంలో తిరిగే ఇరుసు) తిరగడం వంటి కోడ్లను మూడు నెలల్లో ఎవరైనా నేర్చుకోగలరు. కానీ డ్రాయింగ్ చదివి ఏ ముఖాన్ని ముందు కోయాలో నిర్ణయించడం, జాబ్ (కోయాల్సిన లోహపు ముక్క) కదలకుండా, వంకర పోకుండా చక్‌లో (దాన్ని బిగించి పట్టే పరికరంలో) పట్టించడం, మైక్రోమీటర్‌ను సరైన ఒత్తిడితో తిప్పి మిల్లీమీటరులో నూరో వంతును నమ్మకంగా చెప్పడం నెలల తరబడి చేస్తేనే పట్టుబడతాయి. అవి రానివాడికి ప్రోగ్రామింగ్ వచ్చినా మెషిన్ షాపులో సెట్టింగ్ (మెషిన్‌ను కొత్త పనికి సిద్ధం చేయడం) అప్పగించరు.

అందువల్ల టర్నర్, మెషినిస్ట్, టూల్ అండ్ డై మేకర్ వంటి రెండేళ్ల ఐటీఐ ట్రేడుల్లో ఒకదాన్ని ఎంచుకోండి. సాధారణ లేత్ (జాబ్‌ను తిప్పుతూ కోసే యంత్రం) మీద హ్యాండిల్ తిప్పుతూ కోసిన కుర్రవాడికి టూల్ మీద పడే భారం చేతికి తెలుస్తుంది; చిప్పు (కోతలో ఊడే లోహపు తునక) రంగు, కోత శబ్దం మారితే ఏదో తేడా ఉందని వెంటనే పసిగడతాడు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా తీర్చిదిద్దే కార్యక్రమం 2024లో మొదలైంది; వాటి కోర్సుల్లో అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషినింగ్ టెక్నీషియన్ కూడా ఉంది. అబ్బాయికి లెక్కలు బాగా వస్తే మరో మంచి దారి కూడా ఉంది. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి నడుస్తున్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్, పదో తరగతి అర్హతతో, ప్రవేశ పరీక్ష ద్వారా టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా నేర్పుతోంది. నా దృష్టిలో ఈ రంగంలో లోతుగా పని నేర్చుకోవాలనుకునే పిల్లలకు అంతకంటే గట్టి పునాది మన ప్రాంతంలో తక్కువ.

ఎక్కడ చేర్చినా ఫీజు కట్టేముందు వర్క్‌షాపు లోపలికి వెళ్లి చూడండి. ఎన్ని మెషిన్లు నిజంగా నడుస్తున్నాయి, ఒక్కో మెషిన్‌కు ఎంతమంది విద్యార్థులు, వారు లోహాన్ని కోస్తున్నారా లేక కంప్యూటర్ తెర మీద సిమ్యులేషన్ మాత్రమే చూస్తున్నారా, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్‌కు ఎన్‌సీవీఈటీ (వృత్తి శిక్షణను నియంత్రించే జాతీయ మండలి) గుర్తింపు ఉందా అని అడగండి. ఐటీఐ తరువాత 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ఏదైనా కర్మాగారంలో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరవచ్చు. ఆ కాలాన్ని వృథా అనుకోవద్దు.

ప్రశ్న: మూడేళ్లుగా సీఎన్‌సీ లేత్ ఆపరేటర్‌ను. జాబ్ బిగించడం, బటన్ నొక్కడం, తీసి కొలవడం తప్ప వేరే పని ఇవ్వడం లేదు. సెట్టర్‌గా, ఆపై ప్రోగ్రామర్‌గా ఎదగడానికి ఏం నేర్చుకోవాలి?
– ఒక ఆపరేటర్, జీడిమెట్ల

జవాబు: ముందుగా ఆఫ్‌సెట్ల (కొలత తేడాను సరిచేయడానికి మెషిన్‌లో ఇచ్చే అంకెల) మీద పట్టు సాధించండి. ఉదాహరణకు డ్రాయింగ్‌లో 25 హెచ్7 బోరు (లోపలి రంధ్రం) ఉందనుకుందాం. అంటే వ్యాసం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఫస్ట్ పీస్ 24.990 వచ్చింది, మీరు 25.010 ఆశిస్తున్నారు. అప్పుడు ఎక్స్ (వ్యాసం దిశ) వేర్ ఆఫ్‌సెట్‌లో 0.020 కలపాలి. బయటి వ్యాసాన్ని తగ్గించాలంటే ఇదే ఎక్స్‌లో తీసివేయాలి. బోరు చిన్నదిగా ఉంటే మళ్లీ కోయవచ్చు, పెద్దదైతే ఆ జాబ్ స్క్రాప్ కాబట్టి కొత్త ఇన్సర్ట్ (టూల్ కొనకు బిగించే కోత ముక్క) వేసినప్పుడల్లా కొంత మెటీరియల్ మిగిల్చి కోసి, కొలిచి, ఆపై సరిచేసే అలవాటు చేసుకోండి. ఏ తప్పును సరిదిద్దవచ్చో, దేన్ని సరిదిద్దలేమో ఇలా ముందే లెక్కగట్టగల మనిషినే యజమానులు సెట్టర్‌గా నమ్ముతారు.

తరువాత వేగాల లెక్క. నిమిషానికి 150 మీటర్ల కటింగ్ స్పీడ్‌తో 50 మిల్లీమీటర్ల వ్యాసాన్ని కోయాలంటే స్పిండిల్ సుమారు 955 ఆర్‌పీఎం తిరగాలి. వ్యాసం 25కు తగ్గితే 1,910 కావాలి. కటింగ్ స్పీడ్‌ను స్థిరంగా ఉంచే జీ 96 కోడ్ ఇచ్చినప్పుడు మెషిన్ ఈ లెక్క తానే చేస్తుంది. కానీ ఫేసింగ్‌లో (జాబ్ చివరి ముఖాన్ని చదును చేసేటప్పుడు) టూల్ మధ్యకు వచ్చేకొద్దీ ఆర్‌పీఎం పెరిగిపోతుంది, వేగానికి చక్ జాలు (జాబ్‌ను పట్టే దవడలు) బయటికి లాగబడి పట్టు సడలుతుంది. అందుకే ఫానుక్ కంపెనీ కంట్రోలర్ ఉన్న చాలా లేత్‌లలో జీ 50తో గరిష్ఠ వేగాన్ని ముందే కట్టడి చేస్తారు. మీ మెషిన్‌లో నడుస్తున్న ప్రోగ్రాంను నోట్‌బుక్‌లో రాసుకుని, ప్రతి లైను అక్కడ ఎందుకుందో మీకు మీరే వివరణ రాసుకోండి. కంప్యూటర్‌లో ప్రోగ్రాం తయారుచేసే మాస్టర్‌క్యామ్, ఎన్ఎక్స్ వంటి సాఫ్ట్‌వేర్ కోర్సు ఆ తరువాతే చేయండి. షాపు అనుభవం ఉన్నవారికి అది నిజంగా అక్కరకు వస్తుంది.

ఐటీఐ పూర్తిచేసి ఉంటే లేటరల్ ఎంట్రీతో పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలోనూ, డిప్లొమా తరువాత ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోనూ చేరే వీలుంది. అయితే మీకున్న మూడేళ్ల అనుభవానికి తొందరగా ఫలితమిచ్చేది పైన చెప్పిన సాధనే.

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. ఆడపిల్లలకు మెషిన్ షాపు సరిపడదని, క్వాలిటీ విభాగం చూసుకోమని ఇంట్లో అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, అనకాపల్లి

జవాబు: కాదమ్మా. బరువైన జాబ్‌లను మగవారు కూడా హాయిస్ట్‌తోనే ఎత్తుతారు. సెట్టింగ్‌కు కావలసింది ఏకాగ్రత, డ్రాయింగ్ చదివే నేర్పు. క్వాలిటీలో కో-ఆర్డినేట్ మెజరింగ్ మెషిన్ (జాబ్ కొలతలను కచ్చితంగా తీసే యంత్రం) మీద పనిచేయడం గౌరవమైన వృత్తే కానీ, కోత తెలిసిన ఇన్‌స్పెక్టర్ మాటకే షాపులో విలువ ఎక్కువ. మీ అనకాపల్లి జిల్లాలోనే పూడిలో ఉన్న ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల) టెక్నాలజీ సెంటర్‌కు అమ్మానాన్నలతో కలిసి ఒకసారి వెళ్లి, మెషిన్లను దగ్గర నుంచి చూడండి. ఉద్యోగంలో చేరేటప్పుడు షిఫ్టు వేళలు, రాత్రి పూట రవాణా, మహిళలకు విడిగా విశ్రాంతి గది ఉన్నాయా అన్నది మాత్రం ముందే అడిగి, నియామక పత్రంలో రాయించుకోండి.