చౌకబారు ఆటగాడా, చౌకగా దొరికిన ఆటగాడా?

సందేహం: గురువుగారూ, నేనూ నా స్నేహితులూ కంప్యూటర్‌లో ‘ఫుట్‌బాల్ మేనేజర్’ ఆట ఆడతాం. డబ్బు లేని చిన్న క్లబ్‌ను తీసుకుని, ఎవరూ పట్టించుకోని మంచి ఆటగాళ్లను తక్కువకు కొని, పెద్ద జట్లను ఓడించడం నాకు ఇష్టం. దానిమీద ఒక వ్యాసం రాసి ‘చౌకబారు ఆటగాళ్లతో గొప్ప జట్టు’ అని పేరు పెడితే స్నేహితులు నవ్వారు. తప్పెక్కడ ఉంది? ‘అండర్‌వాల్యూడ్’కు తెలుగేమిటి? ‘అల్పమూల్యాంకిత’ అనవచ్చా? ధర, వెల, విలువ, ఖరీదు అన్నీ ఒకటేనా?

సమాధానం: మీ స్నేహితులు నవ్వడం న్యాయమే. చౌక అంటే ధర తక్కువ, అంతే. రేషన్ షాపు బోర్డు మీద ‘చౌక ధరల దుకాణం’ అని ఉంటుంది. ఆ మాట చూసి బియ్యం బాగుండవని ఎవరూ అనుకోరు. (అనుకుంటే బియ్యాన్ని చూసి అనుకుంటారు.) దాని వెనక ‘బారు’ చేరిందా, తిట్టు అయిపోతుంది. చౌకబారు సినిమా, చౌకబారు రాజకీయం అన్నప్పుడు అసలు డబ్బు ప్రసక్తే లేదు. టికెట్టు వెయ్యి రూపాయలైనా సినిమా చౌకబారుది కావచ్చు. అంటే మీరు పొగడబోయి, మీ ఆటగాళ్లు నాసిరకం వాళ్లని పేరులోనే చెప్పేశారు. ‘చౌకగా దొరికిన ఆటగాళ్లు’ అని ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు.

ఇక ఆ నాలుగు మాటలు. వెల, విలువ ఒక తల్లి బిడ్డలు. తమిళంలో ‘విల్’ అంటే అమ్మడం, ‘విలై’ అంటే ధర. కన్నడంలో ధరను ‘బెలె’ అంటారు. మన పాత తెలుగులో ‘విలుచు’ అనే క్రియ ఉండేది, దాని అర్థం మాత్రం కొనడం. తమిళులు అమ్మారు, మనం కొన్నాం అనుకోండి! ఇంత దగ్గరి చుట్టాలైనా ఇవాళ వెల దారి వేరు, విలువ దారి వేరు. వెలలేనిది అంటే ఎంత డబ్బు పోసినా దొరకనిది. విలువలేనిది అంటే ఊరికే ఇచ్చినా అక్కర్లేనిది. మనిషి పక్కన ‘వెల’ పెట్టడానికి నాకైతే నోరు రాదు. ‘వెలయాలు’ అన్న పాతమాట దానికి అంటించిన మరక ఇంకా పోలేదు. ఆటగాడికి ‘ధర’ అనండి, గొడవ ఉండదు.

ఖరీదు పారశీకం నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ దాని అర్థం కొనుగోలు. మనం దాన్ని ధరగా మార్చుకున్నాం, ‘ఖరీదైన’ అంటే ధర బాగా ఎక్కువైనది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. తెలంగాణ వ్యవసాయ మార్కెట్లలో పంట కొనే వ్యాపారిని ఇప్పటికీ ఖరీదుదారు అనే అంటారు.

మీరాడే ఆటలోనే ఈ తేడాలు కనిపిస్తాయి. తెరమీద ఆటగాడికి ఒక విలువ చూపిస్తారు. అతని క్లబ్ అడిగే ధర వేరు. ధర కుదిరాక అతను అడిగే జీతం వేరు. మూడింటికీ ‘ఖరీదు’ అని రాస్తే చదివేవాడికి లెక్క తప్పుతుంది. వీడియో గేమే కదా అని తీసిపారేయడానికీ లేదు. ఇంగ్లండ్‌లోని ఎవర్టన్ క్లబ్ 2008లో ఆటగాళ్లను వెతుక్కోవడానికి ఈ గేమ్‌లోని సమాచారాన్ని వాడుకునేలా ఒప్పందం చేసుకుంది.

‘అల్పమూల్యాంకిత’ వద్దు. అది పలికేలోగా ఆటగాళ్ల కొనుగోలు గడువు ముగిసిపోతుంది. పైగా అర్థమూ తప్పు: దాన్ని విప్పితే తక్కువ ధర చీటీ అంటించినది అని వస్తుంది గానీ, ఉండాల్సిన దానికన్నా తక్కువ అని రాదు. ‘తక్కువ అంచనా వేసిన’ కొంత నయమే. అయితే అది సత్తాకు సంబంధించిన మాట, డబ్బుకు కాదు. ఇలాంటి చోట తెలుగు కొత్త సమాసం కుట్టదు, ఉన్న క్రియతో పని జరిపిస్తుంది. మన దగ్గర సరుకే ధర పలుకుతుంది. గుంటూరు యార్డులో మిర్చి ఇంత పలికింది అంటాం, సంతలో ఎద్దుల జత ఇంత పలికింది అంటాం. కాబట్టి మీ ఆటగాడు ‘విలువకు తగ్గ ధర పలకని ఆటగాడు’. వ్యాసం పేరులో ‘ధర పలకని ఆటగాళ్లతో గొప్ప జట్టు’ అన్నా చాలు, మిగతాది పాఠకుడు పూరించుకుంటాడు.

నిజం ఆటలో దీనికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ క్లబ్‌ను మించిన ఉదాహరణ లేదు. 2014 జనవరిలో ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో ఆడుతున్న లె హావ్ర్ క్లబ్ నుంచి రియాద్ మహ్రెజ్ అనే ఆటగాణ్ని తెచ్చుకుంటే 5 లక్షల పౌండ్లు కూడా కాలేదు. 2015–16లో అతనితో లెస్టర్ ఇంగ్లండ్‌లోని అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచింది. 2018లో మాంచెస్టర్ సిటీ అతనికి పెట్టింది దాదాపు 6 కోట్ల పౌండ్లు. 2014లో ధర తక్కువ పలికింది, విలువ తక్కువ కాదు. ఈ ఒక్క వాక్యంలో రెండు మాటల తేడా మొత్తం ఉంది.

పత్రికల్లో ఇలాంటివాళ్లను ‘మట్టిలో మాణిక్యం’ అనేస్తుంటారు. ఆ మాట పేదింట్లోనో పల్లెలోనో పుట్టి పైకొచ్చిన ప్రతిభకు సరిపోతుంది. కలిగినింట పుట్టిన ఆటగాడైనా తక్కువ ధరకు దొరకవచ్చు, అతను మట్టిలో ఎక్కడున్నాడు? సొంత అకాడమీలోనే ఉన్న కుర్రాణ్ని వదిలేసి బయట వెతికే మేనేజర్‌కైతే ‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అన్న సామెత అతికినట్టు సరిపోతుంది.

మీరు అడగలేదు గానీ, తెలంగాణలో చౌకకు ‘అగ్గువ’ అనే చక్కని మాట ఉంది, కన్నడంలోని ‘అగ్గ’కు చుట్టం. దానికి ఎదురుమాట ‘పిరం’, అంటే ప్రియమే. ఇష్టమైనదానికీ ధర ఎక్కువైనదానికీ ఒకే మాట. ‘అగ్గువకు దొరికిండు’ అని మీ వ్యాసంలో ధైర్యంగా రాయండి. ‘అగ్గువకు సగ్గువకు’ దగ్గర మాత్రం జాగ్రత్త. అది గిట్టుబాటు కాక పంట తెగనమ్ముకున్న రైతు నోట వచ్చే మాట. కొన్నవాడు అగ్గువకు కొన్నానని మురుస్తాడు. అగ్గువకు సగ్గువకు పోయింది అనాల్సింది లె హావ్ర్ వాళ్లు.

చివరగా ఒకటి. వ్యాసంలో ఎక్కడైనా ‘మా గోల్‌కీపర్ అమ్ముడుపోయాడు’ అని రాశారేమో చూసుకోండి. లంచం తిని గోల్స్ వదిలేశాడనే అర్థం ముందు తడుతుంది. ఐపీఎల్ వేలం వార్తల్లో ‘అమ్ముడుపోని ఆటగాళ్లు’ అని చదివినప్పుడల్లా, ఎంత నిజాయతీపరులో అనిపిస్తుంది నాకు. ‘గోల్‌కీపర్‌ను ఫలానా క్లబ్‌కు అమ్మేశాం’ అనండి, అతని పరువు దక్కుతుంది.