తీగ మీద వేలాడేవాడు ఉత్త బరువేనా? ఇద్దరు నడిపే సెయిలింగ్ పడవ గురించి నా జవాబు

ప్రశ్న అడిగిన తమ్ముడిది పర్లాకిమిడి అట. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్ళు వరుణ్ ఠక్కర్, గణపతి బ్రాంజ్ కొట్టిన ఫార్టీ నైనర్ (49er అనే ఇద్దరి పడవ) రేసు వీడియో చూసి రెండు సంగతులు అడిగాడు. చుక్కాని పట్టుకున్నవాడే కదా నడిపేది, తీగకి వేలాడేవాడు బ్యాలెన్స్ కోసం బరువే కదా, వాడికీ సమానంగా మెడల్ ఎందుకు? రేసు గెలవకపోయినా మెడల్ ఎలా వస్తుంది?

మాది ఒడిశా గంజాం జిల్లా గోపాల్‌పూర్, వాడబలిజ వాళ్ళం. నేవీలో చేరాను, ట్రైనింగ్ ఐఎన్ఎస్ చిల్కాలో అయింది, తర్వాత ముంబైలో 470 అనే ఇద్దరి పడవలో క్రూగా, అంటే చుక్కాని పట్టినవాడికి జతగా తీగ మీద ఉండేవాడిగా, చాలాకాలం చేశాను. అంటే తమ్ముడూ, నువ్వు బరువు అన్నావే, ఆ మనిషిని నేనే. అందుకే గట్టిగా చెప్తున్నా, ముమ్మాటికీ కాదు.

ముందుగా, ఆ ఫార్టీ నైనర్‌లో ఒకడు కాదు, ఇద్దరూ తీగల మీదే ఉంటారు, మళ్ళీ చూడు కావాలంటే. పడవ పొడవు 4.99 మీటర్లు, దానికి తెరచాపలు మాత్రం చాలా పెద్దవి. గాలి పక్కనుంచి తోస్తే పడవ ఒరుగుతుంది, ఒరిగిందంటే తెరచాపలో గాలి జారిపోతుంది, చుక్కాని బరువెక్కుతుంది, స్పీడు పోతుంది. అందుకని ఇద్దరూ నడుముకి కట్టుకున్న హార్నెస్ (పట్టీల) కొక్కేన్ని మాస్ట్, అంటే తెరచాప స్తంభం, పైనుంచి వచ్చే తీగకి తగిలించి, అంచు మీద పాదాలు ఆనించి ఒళ్ళంతా నీళ్ళ మీదకి చాపేస్తారు. ఇంతవరకూ అయితే నువ్వన్నట్టు బరువే. కానీ ఎదురుగాలికి వెళ్ళేటప్పుడు మెయిన్ సెయిల్, అంటే అసలు తెరచాప, తాడు ఎవరి చేతిలో ఉంటుందో చూశావా? చుక్కాని పట్టినవాడి చేతిలో కాదు, క్రూ చేతిలో. గాలి విసురు వచ్చినప్పుడల్లా తాడు కొంచెం వదలడం, తగ్గగానే మళ్ళీ లాగడం, రేసంతా అదే పని, ఆగడం అనేది ఉండదు. అంటే ఇంజిను ఒకడి చేతిలో, స్టీరింగు ఇంకొకడి చేతిలో ఉన్నట్టు. ఇద్దరిలో ఎవరు అర సెకను లేటు అయినా పడవ బోల్తా.

470 వేరు. అది 1963లో ఫ్రాన్స్‌లో ఆండ్రే కోర్ను డిజైన్ చేసిన పడవ, పొడవు 4.70 మీటర్లు, ఆ పేరు అందుకే, 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఇందులో తీగ మీదకి వెళ్ళేది క్రూ ఒక్కడే, హెల్మ్, అంటే చుక్కాని పట్టినవాడు, పడవ అంచు మీద కూర్చుని చుక్కానీ మెయిన్ సెయిలూ రెండూ చూసుకుంటాడు. మరి క్రూకి పనేంటి అంటే, ముందు చిన్న తెరచాప జిబ్ అతనిది, గాలి వెనకనుంచి ఉన్నప్పుడు ఎత్తే బుడగలాంటి తెరచాప స్పిన్నేకర్ అతనిది, అన్నిటికంటే ముఖ్యం, కళ్ళు అతనివి. హెల్మ్ చూపు జిబ్ అంచున కట్టిన దారాల మీదే ఉంటుంది, తల తిప్పితే స్పీడు పోతుంది. బయటికి చాపుకుని ఉన్న నాకేమో దూరం కనిపిస్తుంది. నీళ్ళ మీద నల్లగా ముడతలు ముడతలుగా మచ్చ ఒకటి జరుగుతూ వస్తుంది చూడు, అదే గాలి విసురు. అది చేరేలోపే "వస్తోంది, మూడు, రెండు, ఒకటి" అని చెప్పాలి, ఆ ఒకటికి నేను మోకాళ్ళు చాపేసి పూర్తిగా బయటికి వెళ్ళిపోవాలి, అతను మెయిన్ కొద్దిగా వదలాలి, అప్పుడు పడవ ఒరగకుండా ముందుకి దూకుతుంది. గాలి పడిపోతే వెంటనే మోకాళ్ళు ముడిచి లోపలికి రావాలి, లేకపోతే వీపు నీళ్ళలో ఈడ్చుకుంటుంది.

మా తాత కాలంలో గోపాల్‌పూర్‌లో తెప్పలకి చాప కట్టి వేటకెళ్ళేవారు, ఇప్పుడు అన్నీ ఫైబర్ బోట్లే, ఇంజిన్లే. తాత ఎప్పుడూ అనేవాడు, వెనకోడు తెడ్డుతో దారి పడతాడు గానీ కెరటం చూసి చెప్పేది ముందోడు, ఆడు నోరు ఇప్పకపోతే వెనకోడు గుడ్డోడేరా అని. ముంబైలో మా కోచ్ మొదటి వారంలో ఇదే మాట చెప్తే నాకు కొత్తగా ఏం అనిపించలేదు.

పడవ ముక్కుని గాలి వచ్చే వైపునుంచి తిప్పి దిశ మార్చడాన్ని టాక్ అంటారు, ఇద్దరి జత ఎలా ఉందో అక్కడ తెలిసిపోతుంది. నేను లోపలికి ఊగి కొక్కెం విప్పాలి, ఒక జిబ్ తాడు వదలాలి, బూమ్ (మెయిన్ సెయిల్ అడుగున ఉండే అడ్డకర్ర) కింద తల వంచి అటువైపు దూరాలి, రెండో తాడు లాగాలి, పైన హ్యాండిల్ ఒక్క చేత్తో పట్టుకుని బయటికి వేలాడాలి, అప్పుడు ఖాళీ చేత్తో కొక్కెం తగిలించుకోవాలి. రాసేదానికి పట్టినంత టైం కూడా పట్టకూడదు ఇది. హెల్మ్ ఒక్క పిసరు ఎక్కువ తిప్పాడా నేను నీళ్ళలో, నేను ఒక్క పిసరు లేటయ్యానా పడవ ఆగిపోతుంది, పక్కనోడు వెళ్ళిపోతాడు.

ఇక హెల్మ్ పెద్ద, క్రూ చిన్న అనే మాటకి 2024 పారిస్ ఒలింపిక్స్ చూస్తే చాలు. సెయిలింగ్ పోటీలు మార్సే నగరం దగ్గర సముద్రంలో జరిగాయి, అంతకుముందు మగవాళ్ళకి ఆడవాళ్ళకి వేరేవేరేగా ఉన్న 470ని అప్పుడే మిక్స్‌డ్ చేశారు. గోల్డ్ కొట్టిన ఆస్ట్రియా పడవలో చుక్కాని లారా వాడ్లావ్ చేతిలో, తీగ మీద లుకాస్ మేర్. సిల్వర్ కొట్టిన జపాన్ పడవలో సరిగ్గా తిరగేసి, చుక్కాని ఒకాడా, తీగ మీద యోషియోకా మిహో అనే అమ్మాయి. ఎవరి ఒళ్ళు, ఎవరి కన్ను దేనికి పనికొస్తే వాళ్ళు అక్కడ, అంతే.

పాయింట్ల సంగతి. ఇది తక్కువ పాయింట్ల ఆట. ఫస్ట్ వస్తే 1, సెకండ్ వస్తే 2, అలా. ఒక్క రేసు కాదు, రోజుల తరబడి చాలా రేసులు పెడతారు, అందులో చెత్త రేసు ఒకటి తీసేసి మిగతావి కూడతారు. నాలుగు రేసులే అనుకో. ఒక జట్టుకి 1, 7, 2, 6 వచ్చాయి, 7 తీసేస్తే 9. ఇంకో జట్టుకి 3, 2, 3, 3, అందులో ఒక 3 తీసేస్తే 8. రెండో జట్టు ఒక్క రేసు కూడా గెలవలేదు, అయినా పైన ఉన్నది వాళ్ళే. ఒలింపిక్స్‌లో ఈ రెండు పడవలకీ చివర్లో మొదటి పదిమందికి మెడల్ రేసు పెట్టేవారు, దానికి పాయింట్లు డబుల్, దాన్ని తీసేయడానికి లేదు. అందుకే ఒకరోజు మెరిసిపోయేవాళ్ళకంటే రోజూ ముందువరసలో ఉండేవాళ్ళే గెలుస్తారు. నాకు ఈ ఆటలో బాగా నచ్చేది ఇదే.

స్టార్ట్ దగ్గర కూడా జట్టే. గీత నీళ్ళ మీద ఉండదు కదా, రేసు నడిపే కమిటీ బోటు జెండా కర్రకీ ఒక గుర్తుకీ మధ్య ఊహించుకోవాలి. 5 నిమిషాలకి ఒక జెండా ఎక్కుతుంది, 4కి ఇంకోటి, 1 నిమిషానికి రెండోది దిగుతుంది, సున్నాకి మొదటిది దిగుతుంది. పడవకి బ్రేకు లేదు, పక్కన ఇరవై పడవలు, గాలి కోసం తోపులాట. సెకన్లు లెక్కపెట్టి చెప్పేది చాలా జట్లలో క్రూనే. గీత ముందే దాటేస్తే వెనక్కొచ్చి మళ్ళీ దాటాలి, రాకపోతే ఆ రేసుకి, మొత్తం పోటీలో పేరిచ్చిన పడవల సంఖ్య కంటే ఒక పాయింటు ఎక్కువ పడుతుంది.

మనవాళ్ళకి ఇద్దరి పడవలు ఎప్పట్నుంచో కలిసొచ్చాయి. 1982 ఏషియన్ గేమ్స్‌లో ఫరోఖ్ తారాపోర్, జరీర్ కరంజియా ఫైర్‌బాల్ పడవలో గోల్డ్ తెచ్చారు. జకార్తాలోనే వర్షా గౌతమ్, శ్వేతా షెర్వేగర్ ఫార్టీ నైనర్ ఎఫ్ఎక్స్‌లో (అదే పడవలో ఆడవాళ్ళ రకం) సిల్వర్, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు బాధే. వరుణ్, గణపతి టోక్యో ఒలింపిక్స్‌కి వెళ్ళి 17వ స్థానంలో వచ్చారు. హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 470 మిక్స్‌డ్‌కి మన తెలుగమ్మాయి ప్రీతి కొంగర వెళ్ళింది, హుస్సేన్ సాగర్‌లో నేర్చుకున్న పిల్ల.

తమ్ముడు చివర్లో వాళ్ళ మేనల్లుడి సంగతి అడిగాడు, పన్నెండేళ్ళట. ఆ వయసుకి ఆప్టిమిస్ట్ అనే ఒక్కరి పడవతో మొదలెట్టాలి, తర్వాత 420 గానీ ట్వంటీ నైనర్ గానీ, ఇద్దరి పడవ అక్కడే మొదలవుతుంది. మన వైపు చిలికా అంత నీళ్ళున్నా, హైదరాబాద్ యాట్ క్లబ్‌లోనో భోపాల్ నేషనల్ సెయిలింగ్ స్కూల్లోనో ముందు కనుక్కోమంటాను, పదిమంది పిల్లలు రోజూ రేసు పెట్టుకునే చోటే త్వరగా నేర్చుకుంటారు. ఈత బాగా రావాలి, చిలికా ఒడ్డున రంభ దగ్గరైనా నేర్పించండి ఈ ఎండాకాలం. వాడు పొడుగ్గా సన్నగా పెరుగుతున్నాడంటున్నావు కాబట్టి, పెద్దయ్యాక క్రూ అవ్వమంటే మాత్రం చిన్నబుచ్చుకోనివ్వకండి.